ఆ సాయంత్రానికి ఎన్ని అచ్చులు

మేడం బూట్లు తొడుక్కునేలోపు నేను గోడమీది బొమ్మకి ఎన్ని చెక్క అచ్చులు పట్టాయో లెక్కపెట్టేవాణ్ణి. ఖతార్‌లో అల్ సద్ అనే పేటలో నాలుగో అంతస్తు ఫ్లాటు అది. తలుపు తీయగానే చిన్న జాగా, కుడివైపు చెప్పుల అలమర, ఎడమవైపు గోడకి అద్దం కట్టిన కాగితం బొమ్మ. నేను గడప దగ్గరే నిలబడేవాణ్ణి. ఆవిడ సంచీ తెచ్చుకుని, పీట మీద కూర్చుని, బూట్లు వేసుకుని, ఏదో మరిచిపోయి మళ్ళీ విప్పి లోపలికి వెళ్ళి వచ్చేసరికి అయిదు నిమిషాలు పట్టేది. రోజుకి అయిదు నిమిషాల చొప్పున రెండేళ్ళు ఆ బొమ్మని చూశాను. నా పెళ్ళి ఫోటోని కూడా అంతసేపు చూసి ఉండను.

అది జపాన్ వాళ్ళ బొమ్మ. అందులో సాయంత్రం అవుతూ ఉంటుంది. ముందు విశాలంగా నీళ్ళు, ఒడ్డున గాలికి ఒక పక్కకి వంగిన రెండు చెట్లు, వాటి వెనక నాలుగు గడ్డి ఇళ్ళు. ఒక ఇంటి కిటికీలో మాత్రం పసుప్పచ్చటి వెలుగు. నీళ్ళ మీద ఒకే పడవ, అందులో వెడల్పాటి టోపీ పెట్టుకున్న మనిషి, వీపు మనవైపు. వెనక ఒక కొండ. కొండ అంచున ఆకాశం నారింజ రంగులో మొదలై, పైకి పోనుపోను లేత నీలమై, కాగితం చివరికి వచ్చేసరికి సిరా అంత చిక్కబడుతుంది. చూసినవాళ్ళెవరైనా ప్రశాంతంగా ఉందంటారు. ప్రశాంతత గురించి నాకు మాట్లాడడం రాదు. నాకది చెక్క పని.

మాది పెడన. మా నాన్నా నేనూ కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళం, బట్ట మీద అద్దే అచ్చులు. టేకు చెక్కని నున్నగా చిత్రిక పట్టి, బొమ్మ గీసిన కాగితం దాని మీద అంటించి, చిన్న ఉలితో గీత చుట్టూ చెక్క తీసేస్తూ పోవాలి. చివరికి గీత మాత్రం పైకి నిలబడుతుంది. నల్ల గీతలకి ఒక అచ్చు, ఎరుపుకి ఒకటి, పసుపుకి ఒకటి. పువ్వులో నాలుగు రంగులుంటే నాలుగు చెక్కలు. అద్దేవాడి చెయ్యి వెంట్రుకవాసి జరిగితే ఎరుపు గీత దాటి బయటికొస్తుంది. అలా గీత దాటిన రంగు ఎక్కడుందా అని వెతకడం నా కళ్ళకి జబ్బు. చుట్టాలింటికి వెళ్ళినా దుప్పటి అంచు పట్టుకుని తప్పు చూపించి, భోజనాలకి ముందే ఇంటావిడ మొహం మాడ్చేసేవాణ్ణి.

ఆ ఫ్లాటుకి వెళ్ళిన మొదటిరోజే గడ్డి ఇంటి కప్పు దగ్గర ఊదారంగు నల్ల గీత దాటి బయటికి రావడం చూశాను. ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది, ఇది గీసిన బొమ్మ కాదు, అద్దిన బొమ్మ. ఎక్కడో జపాన్‌లో నాలాంటివాడు ఒకడు కూర్చుని చెక్కాడు. మనవాడే అనుకున్నాను.

మా ఊళ్ళోకి స్క్రీన్ ప్రింటింగ్ వచ్చాక అచ్చులు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. నేను బట్టల మూటలు తోలే వ్యానుకి డ్రైవరయ్యాను. అక్కణ్ణుంచి ఒక ఏజెంటు ద్వారా ఖతార్ వచ్చాను. గ్యాసు ప్లాంటు కట్టే జపాన్ ఇంజనీర్లకి కార్లూ డ్రైవర్లనీ ఇచ్చే కంపెనీ మాది. నా వంతుకి ఒక పెద్ద ఇంజనీరు గారి భార్య వచ్చింది. ఆయన వారమంతా అల్ ఖోర్ వైపు సైటు దగ్గరే ఉండేవాడు. గురువారం మధ్యాహ్నం ఆవిణ్ణి అక్కడికి దింపాలి, శనివారం పొద్దున తీసుకురావాలి. మిగతా రోజుల్లో కూరగాయలు, క్లినిక్, ఇంకో జపాన్ ఆవిడ ఇల్లు. అదీ నా డ్యూటీ.

వచ్చిన ఎనిమిదో నెలలో నా భార్య పోయింది. పచ్చకామెర్లు. ముందు ఆకు మందు, పథ్యం, ఆ తర్వాత బందరు ఆసుపత్రి. కబురు కంపెనీ ఆఫీసుకి ఫోనులో వచ్చి, చీటీ మీదకి ఎక్కి, నా చేతికి చేరేసరికి దహనం కూడా అయిపోయింది. ఆఫీసులో మలయాళీ గుమస్తా పాపం సెలవు కాగితం తీసి నా ముందు పెట్టాడు. వెళ్ళి ఏం చేయాలో నాకు తోచలేదు. కాగితం అక్కడే వదిలేసి, మేడాన్ని క్లినిక్‌కి తీసుకెళ్ళే వేళయిందని వెళ్ళిపోయాను. ఆవిడకి చెప్పలేదు. నాతో గదిలో ఉండేవాళ్ళకి చెబితే గట్టి గుండె అన్నారు. గట్టిదో మెత్తదో తెలియాలంటే ముందది ఉన్నట్టు తెలియాలి కదా. ఏడుపు ఇవాళ కాకపోతే రేపొస్తుందని చూశాను. స్నానాలగది తలుపేసుకుని కూర్చుని మరీ చూశాను. రాలేదు. అన్నం తినబుద్ధయింది, నిద్ర పట్టింది, బండికి ఒక్క గీత పడకుండా నడిపాను.

నేను వచ్చేటప్పుడు మా పాపకి మూడు దాటాయి. తల్లి పోగానే బందర్లో ఉండే మా అక్క తీసుకెళ్ళింది. అక్కకి పిల్లల్లేరు. ఏడాది గడిచాక, ఒక ఫిబ్రవరిలో, అక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పాప వాళ్ళకి బాగా అలవాటైపోయిందట. జూన్‌లో బళ్ళో వేయాలట. బావగారూ తనూ దాన్ని తమ బిడ్డగానే పెంచుకుందామనుకుంటున్నారట. బళ్ళో తండ్రి పేరు దగ్గర ఏం రాయించాలో నన్ను చెప్పమంది. ‘నీకు మనసొప్పకపోతే వద్దని రాయి తమ్ముడూ, మేమేం అనుకోం’ అని చివర్న రాసింది. అక్క మంచిది. అనుకోం అంటే నిజంగానే అనుకోదు.

నేను అదే పూట జవాబు రాశాను. ‘అక్కా, మీ ఇష్టం’ అని, అంతే. కవర్లో పెట్టి, అంటించి, చిరునామా రాసి బండిలో అద్దం పైన ఉండే ఎండ రేకు వెనక దోపాను. పోస్టు చేయలేదు. పాప మీద ప్రేమ అడ్డొచ్చిందని చెబితే వినడానికి బాగుంటుంది. అడ్డొచ్చింది స్టాంపు. స్టాంపు కొన్నాక పోస్టాఫీసు మన దారిలో పడలేదు. ఎండ పడినప్పుడల్లా ఆ రేకు దించుతాను, కవరు ఒళ్ళో పడుతుంది, తీసి మళ్ళీ దోపుతాను. పాపని ఇవ్వడమా ఉంచుకోవడమా అన్నది నాకు పెద్ద విషయమని తెలుసు. తెలియడం వరకే, అనిపించడం లేదు.

ఐన్ ఖాలిద్‌లో మా గదిలో నా పక్క మంచం జగిత్యాల వైపు మేస్త్రీది. వాళ్ళమ్మ లెక్కలో మేమంతా దుబాయ్‌లోనే ఉన్నాం. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ‘దుబాయ్‌ల ఖతార్‌ల ఉన్నడు’ అని ఊరంతా చెప్పేదట. అతనికి ఉత్తరం సంగతి తెలుసు. మార్చిలో అడిగాడు, రాశాను, పోస్టు చేయాలి అన్నాను. ఏప్రిల్‌లో అడిగాడు, అదే మాట అన్నాను. అతను బియ్యం ఏరుతున్నవాడు పళ్ళెం కింద పెట్టేశాడు.

“ఇస్తవో ఇయ్యవో, ఏదో ఒకటి రాసి తోలరాదు. గిట్ల సప్పుడు జెయ్యకుంట కూసుంటె ఆళ్ళు ఏమనుకోవాలె?”

చేస్తాలే అన్నాను. చేసేవాడికి చేస్తాలే అన్న మాట అక్కర్లేదని అతనికీ తెలుసు. పళ్ళెం మళ్ళీ అందుకున్నాడు.

ఆ రోజుల్లో నా బుర్రలో ప్రాణంతో ఉన్న ఆలోచన ఒక్కటే, బొమ్మలో ఆకాశం. మిగతా అచ్చులన్నీ నాకు తేలిపోయాయి. గీతలకి ఒకటి, చెట్ల పచ్చకి రెండు, ఇళ్ళకి మూడు, కొండకి రెండు, నీళ్ళకి రెండు, కిటికీ వెలుగుకి ఆవగింజంత పసుపు ఒకటి. పదకొండు. ఆకాశం దగ్గర మాత్రం ఆగిపోయేవాణ్ణి. అచ్చుకి రంగు పూసి అద్దితే చివరినుంచి చివరికి ఒకే మందంగా పడుతుంది. చిక్కగా మొదలై తనంతట తను పలచబడి కనిపించకుండా పోయే రంగు అచ్చుతో ఎలా వస్తుంది? మా నాన్న ఉంటే రాదనేవాడు. నాకైతే ఒక అనుమానం బలపడింది. మొత్తం బొమ్మ అద్ది, ఆకాశం మాత్రం ఎవడో చివర్న కుంచె పెట్టి పూసేశాడు. అచ్చు పనిలో కుంచె పెట్టడం మా ఊళ్ళో దొంగతనం కింద లెక్క. ఈ సంగతి తేల్చుకోవాలని నాకున్న ఆత్రం నా బిడ్డ విషయంలో లేదు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

జూన్ నెలలో ఒక పొద్దున మేడం తలుపు తీసి గోడ చూపించింది. పై ఫ్లాటు ఏసీ నీళ్ళు గోడలోకి దిగి, చెమ్మ మరక బొమ్మ దాకా వచ్చేసింది. నన్ను లోపలికి రమ్మంది. చెప్పులు విప్పి ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదలు. బొమ్మ దించి, వెనక మేకులు లాగి, అట్ట తీశాను. అట్ట తడిసింది గానీ కాగితం పొడిగానే ఉంది. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకెళ్ళి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద పడుకోబెట్టింది. అద్దం లేకుండా చూడగానే నాకు నోరాగలేదు. నా గుండె మీద చెయ్యి పెట్టుకుని, వచ్చిన ఇంగ్లీషులో నాదీ ఇదే పని అన్నాను. ఉలి పట్టినట్టూ, అచ్చు మీద పిడికిలితో గుద్దినట్టూ చేసి చూపించాను. ఆవిడ నవ్వింది. కాగితం తిరగేసి, వెనక రంగు దిగిన ఆనవాళ్ళు, రుద్దిన గుండ్రటి గీతలు చూపించింది. నేను వేళ్ళతో పదకొండు అని చూపిస్తే ఇంకా ఎక్కువ అన్నట్టు తల ఊపింది. అంతలో లోపలి గదిలో ఫోను మోగింది. వెళ్ళింది.

మా ఊళ్ళో బట్ట చేతికొస్తే ఎవరైనా ముందు చేసేది ఒకటే. బొటనవేలికి ఉమ్మి తడి చేసుకుని అంచున గట్టిగా రుద్దుతారు. రంగు వేలికి అంటితే పైపూత, అంటకపోతే అసలు సరుకు. ఉమ్మి తడికే ఆగని రంగు కాలవలో ఉతుకుడికి ఏం ఆగుతుంది? అమ్మేవాడు కూడా తప్పు పట్టడు, ‘రుద్దుకోండి బాబూ’ అని తనే అంచు అందిస్తాడు. నా పెళ్ళిలో మావగారు పెట్టిన కండువాని మా నాన్న పీటల దగ్గరే అలా రుద్ది చూసి, చచ్చేదాకా మాట పడ్డాడు. నా భార్య కాలవ దగ్గర ఉతుకుడు పని చేసేది. బట్ట తాను వెనక తాను రుద్ది రుద్ది ఆమె కుడి బొటనవేలు ఎప్పుడూ ఎర్రగానే ఉండేది.

బట్ట వేరు, కాగితం వేరు అని నాకు తట్టలేదు. ఆకాశం పైమూల, నీలం బాగా చిక్కగా ఉన్నచోట, తడి వేలితో రెండుసార్లు రుద్దాను. వేలు నీలమైంది. దొంగ దొరికాడు అనుకున్నాను. ఆ క్షణం నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. ఆ తర్వాతే చూశాను, రుద్దినచోట వేలి వెడల్పున ఆకాశం వెలిసిపోయి, కాగితం నూగులా లేచింది.

ఆవిడ వచ్చేసరికి నేను వేలు పైకెత్తి పట్టుకుని నిలబడి ఉన్నాను. “పెయింట్, మేడం. నో వుడ్. పెయింట్” అన్నాను, అదేదో ఆవిడకి మేలు చేసినట్టు. ఆవిడ వేలు చూసింది, బొమ్మ చూసింది. “వై?” అంది. నేను మళ్ళీ వేలు చూపించబోయాను. “మై మదర్...” అని ఏదో మొదలుపెట్టి ఆపేసింది. ఆ తర్వాత అంతా వాళ్ళ భాషే. ఆ పలచటి మనిషిలో అంత గొంతుందని నేననుకోలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, నన్ను తిడుతూనే ఉంది. జపాన్ వాళ్ళు గొంతు పెంచరని, తలవంచి నవ్వుతారని మా డ్రైవర్లంతా చెప్పుకునేవాళ్ళం. తలుపు వైపు చెయ్యి చూపించి వెళ్ళమంది. చెప్పులు చేత్తో పట్టుకునే లిఫ్టు ఎక్కాను.

కింద బండిలో ఏసీ వేసుకోకుండా కూర్చున్నాను. జూన్ ఎండలో బండి పెనంలా ఉంది. చెవులు మండుతున్నాయి. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. కాసేపటికి గానీ అది సిగ్గు అని తెలియలేదు. ఏడాదిన్నర తర్వాత నాకు కలిగిన మొదటి బాధ అది, అదీ పరాయి వాళ్ళ కాగితం మీద. ఆవిణ్ణి తలుచుకుంటే సిగ్గుతో పాటు ఇంకోటి కూడా వచ్చింది, అసూయ. బొటనవేలంత ఆకాశం పోతే మనిషి ఎలా అరిచింది! నాకు మనిషికి మనిషే పోతే ఎవరి మీదా గొంతెత్తలేదు. ఆకు మందు ఇచ్చినవాణ్ణి తిట్టలేదు, కబురు ఆలస్యం చేసిన ఆఫీసుని తిట్టలేదు, నన్ను నేను తిట్టుకోలేదు. సెలవు కాగితం మీద సంతకం కూడా పెట్టకుండా బండి తాళాలు తీసుకుని వెళ్ళిపోయాను.

నాలుగు రోజులు పిలుపు లేదు. కంపెనీకి చెప్పి నన్ను మార్పించేస్తుందనుకున్నాను, చెప్పలేదు. గురువారం మధ్యాహ్నం అల్ ఖోర్ వెళ్ళాలని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆవిడ వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఊరు దాటాక రోడ్డుకి రెండువైపులా తెల్లటి చదును నేల తప్ప ఏమీ ఉండదు. సగం దారిలో నా సీటు వీపు మీద వేలితో తట్టి, “నాట్ పెయింట్” అంది.

సీటు వీపునే చెక్క అనుకోమని, అరచేత్తో దాని మీద రాసి చూపించింది. నేను అద్దంలో చూస్తూ అర్థం చేసుకున్నాను. ముందు చెక్కని తడుపుతారు. పై అంచున రంగు వేస్తారు. ఆ రంగుని కిందికి లాగుతూ తుడుస్తారు, పైన చిక్కగా, కింద లేతగా మిగిలేలా. అప్పుడు కాగితం పరిచి రుద్దుతారు. మళ్ళీ కాగితానికి మళ్ళీ రంగు, మళ్ళీ తుడుపు. వంద బొమ్మలు తీస్తే వంద ఆకాశాలు, ఒకటి ఇంకోలా ఉండదు. కుంచె పెట్టినవాడెవడూ లేడు. నిజాయితీగా పని చేసినవాణ్ణి దొంగన్నాను. పైగా అతను చేసిన వాటిలో అలాంటిది ఇదొక్కటే, దాన్ని చెరిపాను. సారీ మేడం అన్నాను. ఫరవాలేదని ఆవిడ అనలేదు.

ఎందుకు తడి వేలితో రుద్దావని అడిగింది. కాలవ, బట్ట, ఉతుకుడు చెప్పాను. నా భార్య వేలు ఎప్పుడూ ఎర్రగా ఉండేదని చెప్పాను. ఆమె ఇప్పుడూ ఆ పనే చేస్తోందా అని అడిగింది. “వైఫ్ ఫినిష్” అన్నాను. గల్ఫ్ ఇంగ్లీషులో అన్నిటికీ అదే మాట, పనికైనా పెట్రోలుకైనా. ఆవిడకి అర్థం కాలేదు, పని మానేసిందనుకుంది. అప్పుడు ఆ రెండో మాట అనాల్సి వచ్చింది. ఏ భాషలోనూ అప్పటిదాకా నా నోటితో అనని మాట.

“డెడ్, మేడం.”

ఎప్పుడని అడిగింది. పోయిన ఏడాది అన్నాను, నెల చెప్పాను. ఆవిడ మనసులో ఏదో లెక్క వేసుకుంటున్నట్టు అద్దంలో కనిపించింది. ఆ నెలలో ఆవిడ రోజు విడిచి రోజు క్లినిక్‌కి వెళ్ళింది.

“దట్ డే, యు డ్రైవ్ మీ?”

“యస్ మేడం.”

ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నన్ను క్షమించిందని చెప్పలేను. ఆ తర్వాత కూడా ఆ బొమ్మ గోడకి ఎక్కలేదు, వాళ్ళు దేశం వదిలి వెళ్ళేదాకా అక్కడ మేకు మాత్రం ఉండేది. నాకు ఓదార్పు చెప్పినా నేను మరిచిపోయేవాణ్ణేమో. ఆవిడ ఆ ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుంది.

ఒంటరిగా తిరిగొస్తుంటే ఎండ కళ్ళలో పడింది. రేకు దించాను, కవరు ఒళ్ళో పడింది. బండి పక్కకి తీసి ఆపాను. చింపేశాను. “ఇవ్వను” అని పైకే అన్నాను. కాంట్రాక్టు సెప్టెంబరుకి అయిపోతుంది. వెళ్ళిపోతాను, మళ్ళీ వ్యాను తోలుకుంటాను, పాపని నా దగ్గరే పెట్టుకుంటాను. దానికి ఇప్పుడు జడ ఎంత వచ్చిందో నాకు తెలియదని ఆ రోడ్డు మీద గుర్తొచ్చింది. ఆ ఆలోచన నొప్పి పుట్టించింది. నొప్పి పుట్టినందుకు సంతోషించాను. పిచ్చివాడిలా ఒక్కణ్ణే నవ్వుకున్నాను కూడా.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం ఫోను కార్డు కొనుక్కుని అల్ సద్‌లో పబ్లిక్ ఫోను దగ్గర వరసలో నిలబడ్డాను. అక్క ఇంటి పక్క ఎస్టీడీ బూతుకి చేసి, పిలిపించమని చెప్పి, పది నిమిషాలాగి మళ్ళీ చేయాలి. ఆ పది నిమిషాలూ చెప్పాల్సిన మాట కూడబలుక్కున్నాను. పాపని ఇవ్వలేను అక్కా, వచ్చి తీసుకెళ్తాను. ఇంతే, ఇంకేం కలపకూడదు అనుకున్నాను.

అక్క ఆయాసపడుతూ వచ్చింది. క్షేమాలు అడిగింది. నేను నోరు తెరిచేలోపు తనే మొదలెట్టింది. సోమవారం పాపని బళ్ళో చేర్చారట. అన్నీ గబగబా చెబుతోంది, మధ్యలో ఆగింది.

“నాలుగు నెలల నుంచి నీ దగ్గర్నుంచి జవాబు లేదు గదరా తమ్ముడూ. వద్దనుకుంటే రాసేవాడివే గదా అని మీ బావగారి పేరే రాయించేశాం.”

లైను తెగిందనుకుని అక్క రెండుసార్లు హలో అంది. పాపని ఒకసారి ఇవ్వమన్నాను. ఫోను చేతులు మారిన చప్పుడు. “హలో” అంది పాప, బళ్ళో పాఠం చెప్పినట్టు గట్టిగా. నేనమ్మా అన్నాను. “నేనంటే ఎవరూ?” అంది. దూరంగా అక్క గొంతు నెమ్మదిగా ఏదో అందిస్తోంది. పాప ఆ మాట అందుకుంది.

“మావయ్యా, అన్నం తిన్నావా?”

తిన్నానమ్మా అన్నాను. కొత్త బట్టలు కుట్టించారని, పలక పాతదేనని, పక్కింటి పిల్ల కూడా అదే బడికి వస్తుందని చెప్పింది. ఆ గొంతులో ఎక్కడా దిగులు లేదు. ఇంత కులాసాగా ఉన్న పిల్లని లాక్కొచ్చి, సెప్టెంబరు దాకా నీకు నాన్నని నేను అని ఫోనులో చెప్పి, ఆ తర్వాత వ్యాను తోలుతూ ఎవరింట్లోనో వదిలి వెళ్ళడమా? ఇవ్వనని చెప్పడానికి నాకు నాలుగు నెలలు ఇచ్చారు. ఆ నాలుగు నెలలూ నేను ఆకాశం చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు నా మనసు లేచి కూర్చుందని వాళ్ళు తమ ఇల్లు కూల్చుకోవాలా?

అక్క మళ్ళీ ఫోను తీసుకుంది. “ఏమన్నా చెప్పాలా తమ్ముడూ నువ్వు?” అని అడిగింది. గొంతు మారిపోయింది. భయపడుతోందని తెలిసింది. నేను అడిగితే ఇచ్చేసేది, ఆ సంగతి నాకు ఇప్పటికీ తెలుసు.

“ఏం లేదక్కా. ఇక్కడ బళ్ళోకి తీసుకెళ్ళే బ్యాగులు మంచివి దొరుకుతాయి. ఒకటి పంపుదామని.”

“మీ బావగారు విజయవాడ నుంచి తెచ్చారు తమ్ముడూ,” అంది అక్క. “ఎర్రదే కావాలని ఒకటే పేచీ.”

ఫోను పెట్టేశాక అప్పుడొచ్చింది ఏడుపు. పాప కోసం మొదలైంది, వాళ్ళమ్మ కోసం ఆగకుండా వచ్చింది. రిసీవరు పట్టుకునే నిలబడిపోయాను. వెనక వరసలో ఉన్న పఠాను యల్లా యల్లా అని తొందరపెట్టి, నా మొహం చూసి పక్కకి తప్పుకున్నాడు.

పాప పదో తరగతి సర్టిఫికెట్లో బావ పేరే ఉంది, పెళ్ళి శుభలేఖలోనూ అంతే. ఎవరి బిడ్డో దానికి తెలుసు, పన్నెండో ఏట అక్కే కూర్చోబెట్టి చెప్పింది. ఆ మర్నాడు నేను వాళ్ళింటికి వెళితే వాకిట్లో చాలాసేపు నావైపు చూస్తూ నిలబడింది. ఏమని పిలుస్తుందో అని నేనూ నిలబడ్డాను. “మావయ్యా, లోపలికి రా” అంది. వెళ్ళాను.